తుప్పు గోకకముందే కొలవండి
(పాత వస్తువులు సేకరించేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, మైకు ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంటాను.

ఇక్కడున్న వాళ్లలో ఎక్కువమంది నాణేలవాళ్లు. నాణెంతో మీకో సుఖం ఉంది. ఏ రాజుదో, ఏ ఏడాదిదో దాని మీదే ఉంటుంది. ఇవాళ నేను మాట్లాడబోయే జర్మన్ సైన్యం బయోనెట్ల, అంటే తుపాకీ కత్తుల మీదా అలాగే ఉంటుంది, రాజు పేరులో మొదటి అక్షరంతో సహా. కాకపోతే వందేళ్లు మట్టిలో పడి ఉన్న ఇనుము మీద ముందు పోయేది ఆ రాతే. ఆకారం అన్నిటికన్నా చివర పోతుంది. కాబట్టి తుప్పు పట్టిన బయోనెట్ చేతికి వస్తే ముందు ఆకారం చూడాలి, తర్వాత కొలవాలి, ఆ తర్వాతే రాత వెతకాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. వస్తువు ఇంటికి రాగానే వైర్ బ్రష్ తీసుకుని రాత ఎక్కడుందా అని గోకడం మొదలుపెడతారు. మిగిలిన కాస్త రాతా ఆ గోకుడులోనే పోతుంది.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. తుపాకీ గొట్టం చివర తగిలించే కత్తి బయోనెట్. దానికి పిడి ఉంటుంది. పిడికీ బ్లేడుకీ మధ్య ఒక అడ్డపట్టీ ఉంటుంది. పిడి చివర లోహపు తల ఉంటుంది, అందులో ఒక గాడి. తుపాకీకి ఉన్న ఇనుప పలక ఆ గాడిలో దూరి, బటన్ నొక్కితే వదులుతుంది. కొన్నిటికి అడ్డపట్టీలోనే రింగు ఉంటుంది, గొట్టం ఆ రింగులోంచి పోతుంది. ఈ గాడి, ఈ రింగు బాగా గుర్తుపెట్టుకోండి. చెక్కా తోలూ పోయినా ఇవి మిగులుతాయి.

జర్మన్ వాటిలో మనకు కనిపించే పాతది 1871 మోడల్. మౌజర్ అనే జర్మన్ కంపెనీ 71 తుపాకీకి చేసింది. బ్లేడు సుమారు 47 సెంటీమీటర్లు, అంటే చిన్న కరవాలమే. పిడి మొత్తం ఇత్తడి, దాని మీద ఏటవాలు గీతలు. ఇత్తడి తుప్పు పట్టదు, పచ్చబడుతుంది. అందుకే బ్లేడు సగం తినేసినా పిడి చూసి వెంటనే పోల్చేయొచ్చు. ఇక్కడో చిన్న హెచ్చరిక. మన ఇళ్లలో ఇత్తడి కనిపిస్తే చింతపండు పెట్టి తోమే అలవాటు ఉంది కదా. ఈ పిడి మీద ఆ పని చేయకండి. సన్నటి ముద్రలు ఆ పచ్చ పొరలోనే ఉంటాయి.

తర్వాతది 71/84. ఈ పేర్లలో అంకెలు మోడల్ ఏళ్లు, 1871, 1884 అన్నమాట. బ్లేడు ఒక్కసారిగా 25 సెంటీమీటర్లకు తగ్గింది. జర్మన్లకు కత్తి సైజు బయోనెట్ దీనితోనే మొదలు. చెక్క పిడి, అడ్డపట్టీకి పూర్తి రింగు.

1898లో మౌజర్ 98 తుపాకీ వచ్చింది. దానికి బయోనెట్ పలక పొడుగ్గా పెట్టారు. బయోనెట్ ఆ పలకనే గట్టిగా పట్టుకుని నిలబడుతుంది కాబట్టి గొట్టం చుట్టూ రింగు అక్కర్లేదు. ఈ ఒక్క మార్పు మనకు చాలా పని తగ్గిస్తుంది. అడ్డపట్టీకి పూర్తి రింగు ఉందంటే, మామూలుగా అది 98 తుపాకీకి చేసిన అసలు బయోనెట్ కాదు. దీనికి ఉన్న మినహాయింపు తర్వాత చెబుతాను.

98 మోడల్ బయోనెట్ సన్నగా, చాలా పొడుగ్గా ఉంటుంది. బ్లేడే 52 సెంటీమీటర్ల దాకా. వెన్ను గొట్టంలా గుండ్రంగా ఉంటుంది. తుప్పు ఎంత తిన్నా ఆ గుండ్రటి వెన్ను వేలికి తెలుస్తుంది. కవాతుకు అందంగానే ఉంది కానీ కందకాల్లో ఇంత పొడుగు కత్తితో తిరగడం కష్టం.

అందరూ వెతికేది 98/05. బ్లేడు సుమారు 37 సెంటీమీటర్లు. పిడి దగ్గర సన్నగా మొదలై మొన వైపు వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. అవతలి సైనికులు దీన్ని కసాయి కత్తి అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం అనగానే జనానికి గుర్తొచ్చే జర్మన్ బయోనెట్ ఇదే. మొదట్లో చేసిన వాటికి అడ్డపట్టీ మీద రెండు చిన్న చెవులు ఉండేవి, పాత రింగు ఆనవాలు. తర్వాత చేసిన వాటికి అవి లేవు. చెవులున్నవాటిలోనూ కొన్నిటిని తర్వాత అరగదీశారు.

ఇక 84/98. పేరు గందరగోళంగా ఉంటుంది కానీ విషయం తేలికే. 25 సెంటీమీటర్ల బ్లేడు, 98 తుపాకీ గాడి. పాత 71/84లను రింగు తీసేసి మార్చినవి కొన్ని. 1915 నుంచి ఇదే కొలతతో కొత్తగా చేశారు. యుద్ధంలో ఉక్కు కరువు, పొట్టిది చేస్తే ఖర్చు తక్కువ, కందకంలో వాటం కూడా. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు 1934 నుంచి ఇదే కొలతతో మళ్లీ చేశారు. అంటే 25 సెంటీమీటర్ల బ్లేడు మూడు తరాల్లో వస్తుంది. ఒట్టి పొడుగు చూసి ఏడాది చెప్పేస్తానంటే కుదరదు.

కొలిచేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మొన దగ్గర ఇనుము పల్చగా ఉంటుంది కాబట్టి తుప్పు ముందు దాన్ని తింటుంది. సెంటీమీటరు, ఒక్కోసారి రెండు సెంటీమీటర్లు పోయి ఉంటాయి. పొడుగుతో పాటు పిడి దగ్గర వెడల్పు, మధ్యలో వెడల్పు, మొనకు కాస్త ముందు వెడల్పు, ఈ మూడూ రాసుకోండి. 98/05 అయితే ఆ మూడు అంకెలే చెప్పేస్తాయి. మొన మొత్తం విరిగిపోయినా సరే.

[సభలోంచి ప్రశ్న: మొదటి యుద్ధం నాటి 25 సెంటీమీటర్ల దానికీ, 1934 తర్వాతదానికీ తేడా ఎలా తెలుస్తుంది సార్?]

మంచి ప్రశ్న. పిడి చెక్క మిగిలి ఉంటే చాలా సులువు. మొదటి యుద్ధం నాటి చెక్క మీద ఏటవాలు గీతలు ఉంటాయి. 1934 తర్వాతది నున్నగా ఉంటుంది. 1930ల చివరి నుంచి చెక్కకు బదులు బేకలైట్ వచ్చింది, ముదురు ఎరుపు, గోధుమ, నలుపు రంగుల్లో. బేకలైట్ మట్టిలో కుళ్లదు. తుప్పు ముద్దలా ఉన్న వస్తువుకు ఎర్రటి పిడి చెక్కుచెదరకుండా కనిపిస్తే అది రెండో యుద్ధానిదని ధైర్యంగా అనొచ్చు. చెక్క పూర్తిగా పోతే స్క్రూలు చూడండి. రెండో యుద్ధం చివర్లో చేసిన వాటికి స్క్రూలు మానేసి రివెట్లు కొట్టారు. పని త్వరగా అయిపోవాలని.

పిడి పైభాగాన, తుపాకీ గొట్టం వైపు, పల్చటి ఉక్కు రేకు ఒకటి ఉంటుంది. గొట్టంలోంచి వచ్చే మంటకు చెక్క కాలకుండా వేసిన కవచం. 1915 ప్రాంతం నుంచి వేయడం మొదలుపెట్టారు. ఈ రేకు కనిపించగానే 1915 తర్వాతదే అని రాసేస్తారు. అంత తొందర వద్దు. పాత వాటికి కూడా వర్క్‌షాపుల్లో తర్వాత ఈ రేకు బిగించారు. రేకు ఉంటే, ఆ బయోనెట్ 1915 తర్వాత కూడా వాడుకలో ఉందని మాత్రమే అర్థం. ఎప్పుడు పుట్టిందో రేకు చెప్పదు.

ఇప్పుడు ఈ టేబుల్ మీద ఉన్నది చూద్దాం. కెమెరా దీని మీద పెట్టండి బాబూ. ఇది బెల్జియంలో ఒక పాత సామాన్ల సంతలో కొన్నది. చెక్క పూర్తిగా పోయింది. పిడి ఉండాల్సిన చోట పలకలాంటి ఇనుము, దానికి రెండు రంధ్రాలు. పైన రేకు ఉంది, ఒక చివర పైకి లేచింది. అడ్డపట్టీకి రింగు లేదు, చెవులూ లేవు. బ్లేడు మొన విరిగింది, ఉన్నది 34 సెంటీమీటర్లు. పిడి దగ్గర కంటే మొన వైపు వెడల్పు ఎక్కువ. ఇంతవరకు ఒక్క అక్షరం కూడా చదవలేదు. అయినా ఇది 98/05 అని తేలిపోయింది.

ఇప్పుడు రాత. పిడికి ఆనుకుని, పదును పెట్టని చదును భాగం ఉంటుంది. తయారీదారు పేరు అక్కడ కొడతారు. దీని మీద నాకు మూడు అక్షరాలు కనిపిస్తున్నాయి, ఎఫ్, యూ, ఆర్. ముందూ వెనకా గుంటలే. పైన ఒక వంపు గీత, కిరీటం అంచు. కిరీటం కింద ఎర్ఫర్ట్ అని ఊరి పేరు కొట్టేది ప్రష్యా, అంటే అప్పటి జర్మనీలోని ఒక రాజ్యం, దాని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం. నాకు తెలిసిన తయారీదారుల్లో ఈ మూడు అక్షరాలు ఈ వరసలో, పైన కిరీటంతో వచ్చేది అదొక్కటే.

తర్వాత బ్లేడును నిలువుగా తిప్పి వెన్ను చూడాలి. అడ్డపట్టీకి దగ్గరగా, వెన్ను మీద, కిరీటం, దాని కింద ఒక అక్షరం, దాని కింద రెండంకెల ఏడాది. 1918 దాకా జర్మన్ సైన్యం తీసుకున్న బయోనెట్ల మీద ఈ ముద్ర ఉంటుంది. అప్పటి జర్మనీలో ఒక్కో రాజ్యానికి ఒక్కో పాలకుడు, ఆ అక్షరం ఆయన పేరుది. డబ్ల్యూ అంటే విల్‌హెల్మ్, ప్రష్యా. ఎల్ అంటే బవేరియా, ముందు లూయిట్‌పోల్డ్, 1913 నుంచి మూడో లూడ్విగ్. ఎఫ్‌ఏ అంటే సాక్సనీ రాజు ఫ్రెడరిక్ ఆగస్ట్. వుర్టెంబర్గ్ రాజు పేరు కూడా విల్‌హెల్మే, ఆయనదీ డబ్ల్యూనే. కిరీటం ఆకారం వేరుగా ఉంటుంది కానీ తుప్పులో ఆ తేడా పట్టుకోవడం కష్టం.

దీని వెన్ను మీద డబ్ల్యూ స్పష్టంగానే ఉంది. కింద 1 అంకె కూడా ఉంది. రెండో అంకె దగ్గరే పేచీ. ఐదా, ఆరా? కింది సగం గుండ్రంగా కనిపిస్తోంది, పై సగం గుంటలో పోయింది. ఇలాంటప్పుడు ఫోన్ టార్చ్‌ని పైనుంచి వేయకండి. గది లైట్లు ఆపేసి, టార్చ్‌ని ఇనుముకు దాదాపు ఆనించి, పక్కనుంచి వేయండి. ఒక వైపు నుంచి వేసి ఫొటో తీయండి, తర్వాత ఇంకో వైపు నుంచి, ఇంకో వైపు నుంచి. లోతులేని గీత ఒక దిక్కు వెలుగులో కనిపించకపోయినా ఇంకో దిక్కు నుంచి నీడ వేస్తుంది. ఇదిగో, తెర మీద చూడండి. ఎడమ నుంచి వెలుగు పడితే ఆ గుండ్రటి భాగం ఎడమ పక్క మూసుకుని ఉన్నట్టు తెలుస్తోంది. ఐదు అయితే అక్కడ తెరిచి ఉండాలి. కాబట్టి 16. ఎర్ఫర్ట్, 1916. రేకు ఉండటం, చెవులు లేకపోవడం కూడా దానికి సరిపోతున్నాయి. పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దినా ముద్ర దిగుతుంది, కానీ పెచ్చులు వదులుగా ఉంటే ఆ పని చేయకండి.

అడ్డపట్టీ మీద కూడా కొన్నిటికి రాత ఉంటుంది, అది రెజిమెంటు ముద్ర. రెజిమెంటు నంబరు, ఆర్ అక్షరం, కంపెనీ నంబరు, ఆయుధం నంబరు, మధ్యలో చుక్కలు. అది దొరికితే కత్తి ఏ దళం చేతుల్లో ఉందో తెలుస్తుంది. మట్టిలో పడినవాటిలో అది చదవగలిగేలా మిగలడం అదృష్టమే.

తయారీదారుల పేర్లు ఒక ప్రపంచం. నాకు ఇష్టమైన భాగం ఇదే కాబట్టి ఐదు నిమిషాలు భరించండి. వుప్పర్ నది దగ్గర జోలింగెన్ అనే ఊరు, కత్తులకు శతాబ్దాల నుంచి పేరు. కార్ల్ ఐక్‌హార్న్, అలెగ్జాండర్ కోపెల్, వైయర్స్‌బర్గ్ కిర్ష్‌బామ్, వీళ్లంతా అక్కడివాళ్లే. మీ వంటింట్లో కవల బొమ్మల గుర్తు ఉన్న హెంకెల్స్ కత్తి ఉందా? ఆ కంపెనీ కూడా అక్కడిదే, అదీ బయోనెట్లు చేసింది. ఇక యుద్ధం సాగేకొద్దీ కత్తులతో సంబంధం లేనివాళ్లు దిగారు. బాల్ బేరింగులు చేసే ష్వైన్‌ఫర్ట్ ఫిక్టెల్ అండ్ సాక్స్, కుట్టుమిషన్లు చేసే బీలెఫెల్డ్ డ్యూర్‌కాప్. రెండో యుద్ధంలోనూ అంతే. సైకిళ్లు చేసే ఎలీట్ డయమంట్, కుట్టుమిషన్ల ముండ్లోస్ కూడా బయోనెట్లు చేశాయి. తుప్పులోంచి ఒక కుట్టుమిషన్ కంపెనీ పేరు బయటపడితే, ఎంత కరువులో పడి చేశారో అర్థమవుతుంది.

జోలింగెన్ అని చదవగానే జర్మన్ సైన్యానిదే అనుకోకండి. ఆ ఊరు ప్రపంచానికంతటికీ అమ్మింది. అర్జెంటీనా, చిలీ, టర్కీ సైన్యాలకు అక్కడ చేసినవి బోలెడు. వెన్ను మీద కిరీటం, అక్షరం, ఏడాది ముద్ర లేకపోతే ఇంకో దేశానికి చేసిందేమో అని ఆలోచించాలి. తుప్పు తినేసిందా, అసలే లేదా అన్నది కూడా చూడాలి. వెన్ను మీద ఆ చోట లోహం బాగున్నా ముద్ర కనిపించకపోతే, అది మొదటినుంచీ లేదన్నమాట.

ఇందాక రింగు గురించి మినహాయింపు చెబుతానన్నాను. 1914 చివర్లో బయోనెట్లు చాలక, చేతికి దొరికినట్టు చేసిన రకం ఒకటుంది. జర్మన్లు ఎర్జాట్స్ అన్నారు, అంటే బదులు సరుకు. పిడి కూడా ఇనుమే, పైన బూడిద ఆకుపచ్చ రంగు పెయింట్. చాలావాటికి రింగు ఉంటుంది, తయారీదారు పేరు చాలాసార్లు ఉండదు. వెతకాల్సిన చెక్క ఏమీ ఉండదు కాబట్టి మట్టిలోంచి వచ్చినా పిడి పిడిలాగే కనిపిస్తుంది. తుప్పు కింద ఎక్కడో ఒక మూల పెయింట్ మచ్చ మిగిలి ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు దాన్ని పోగొట్టుకోకండి. మంచి ఆధారం అది.

రంపపు పళ్ల గురించి అడగబోతున్నారని తెలుసు. వెన్ను మీద రంపం ఉన్న 98/05లు, 84/98లు ఉన్నాయి. కొమ్మలు, కర్రలు కోసుకోవడానికి చేశారు. మనిషిని చిత్రహింస పెట్టడానికే చేశారని అవతలి పక్షం ప్రచారం చేసింది. దానితో పట్టుబడ్డవాణ్ని ఊరుకోరన్న భయం జర్మన్ సైనికుల్లో పాకింది. 1917 నుంచి వాటిని వెనక్కి తీసుకుని చాలావాటికి పళ్లు అరగదీసేశారు. కాబట్టి రంపం లేదనుకుని వదిలేయకండి. వెన్ను మీద వేలు పెట్టి పిడి నుంచి మొన దాకా జరపండి. పిడి దగ్గర కొద్ది దూరం ఒక ఎత్తులో ఉండి, తర్వాత సన్నటి మెట్టు దిగినట్టు అనిపిస్తే, అక్కడ ఒకప్పుడు పళ్లు ఉండేవి.

రెండో యుద్ధం నాటి గుర్తులు త్వరగా చెప్పేస్తాను. రాజులు పోయారు కాబట్టి కిరీటం లేదు. 1934, 35లలో తయారీదారు పేరు దాచడానికి ఎస్ అక్షరంతో ఒక అంకెల కోడ్, ఏడాదికి కూడా అక్షరమే. 1934కు కే, 1935కు జీ. మొదటి యుద్ధం తర్వాత జర్మనీ ఆయుధాలకు హద్దులు పెట్టిన వెర్సాయ్ ఒప్పందం ఇంకా నెత్తిమీద ఉన్న రోజులు. తర్వాత పూర్తి పేర్లు కొట్టారు. 1940-41 నుంచి రెండు మూడు అక్షరాల కోడ్, పక్కన ఏడాది. సీ ఓ ఎఫ్ అంటే ఐక్‌హార్న్, ఎఫ్ ఎన్ జే అంటే కోపెల్, సీ యూ ఎల్ అంటే ఎర్న్‌స్ట్ పాక్. కొన్నేళ్లవాటికి ఏడాది వెన్ను మీద ఉంటుంది, కొన్నిటికి చదును భాగం మీద. రెండుచోట్లా చూడండి. ఒర దొరికితే దాని నంబరు కూడా చూడండి. బ్లేడు నంబరు, ఒర నంబరు ఒకటే అయితే రెండూ ఫ్యాక్టరీ నుంచి కలిసి వచ్చాయి.

చెకొస్లొవేకియాని ఆక్రమించాక అక్కడి 24 మోడల్ బయోనెట్లను జర్మన్లు వాడుకున్నారు. దీన్ని పోల్చడానికి ఒక చిట్కా. పిడి తల గాడి పైకి వచ్చేలా పట్టుకోండి, తుపాకీకి తగిలించినట్టు. మామూలు జర్మన్ బయోనెట్ పదును కిందికి ఉంటుంది. చెక్‌ది పైకి, గొట్టం వైపు ఉంటుంది. ఆస్ట్రియా 1895 మోడల్‌దీ అంతే. చెక్ బ్లేడు 30 సెంటీమీటర్లు, ఆస్ట్రియాది 25 ప్రాంతం. పదును ఎంత తుప్పు తిన్నా ఏ వైపు మందమో ఏ వైపు పల్చనో తెలుస్తుంది కదా.

[సభలోంచి ప్రశ్న: మా తాతగారు మెసపటోమియా వెళ్లొచ్చారండి. ఇంట్లో పెట్టెలో ఒక కత్తి ఉంది. జర్మన్‌దని అంటుంటారు.]

చూడకుండా చెప్పలేనమ్మా, కానీ అసంభవమేమీ కాదు. పశ్చిమ గోదావరి మాధవరంలాంటి ఊళ్ల నుంచి సైన్యంలోకి వెళ్లినవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. మొదటి యుద్ధంలో మద్రాస్ సాపర్లు, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళం, మెసపటోమియాలో, ఇప్పటి ఇరాక్‌లో ఉన్నారు. అక్కడ ఎదురుగా ఉన్నది టర్కీ సైన్యం. టర్కీ సైన్యం మౌజర్ తుపాకులు వాడింది, వాటి బయోనెట్లు జర్మనీలో చేసినవే. మీ ఇంట్లో దాని మీద అరబ్బీ లిపిలాంటి రాత ఉంటే అది టర్కీ వాళ్లకు చేసింది. తర్వాత టర్కీ వాళ్లు చాలావాటి బ్లేళ్లు కోసి పొట్టివి చేశారు. అందుకని వాటికి జర్మన్ కొలతలు సరిపోవు. అయితే ముందు ఇంకోటి చూడండి. మన ఇళ్లలో పెట్టెల్లో దొరికేవి ఎక్కువగా బ్రిటిష్‌వి. 1907 మోడల్, 43 సెంటీమీటర్ల బ్లేడు, అడ్డపట్టీకి రింగు. బెంగాల్‌లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలోనూ చేశారు. చదును భాగం మీద ఆర్ ఎఫ్ ఐ అని ఉంటే అది మన దేశంలో పుట్టింది. జర్మన్ కాలేదని బాధపడకండి. తాతగారి చేతిలో ఉన్న కత్తి అదే అయితే దాని విలువ ఇంకా ఎక్కువ.

ఇప్పుడు తుప్పు. నేను లోహాల ల్యాబ్‌లో పని చేసినవాణ్ని కాబట్టి ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడతాను. మట్టిలోంచి వచ్చిన ఇనుము మీద పైన మట్టి, ఇసుక కలిసిన నారింజ రంగు గడ్డలు ఉంటాయి. కింద గట్టిగా, నల్లగా ఒక పొర. ఆ కింద లోహం. కత్తి చేసిన రోజున ఉన్న అసలు ఉపరితలం ఎక్కడుందో తెలుసా? చాలాసార్లు ఆ తుప్పు పొరల మధ్యలోనే ఉంటుంది. లోహం దాని కిందికి తినేయబడి ఉంటుంది. ముద్ర లోతు ఎంతని? మిల్లీమీటరులో చిన్న వంతు. లోహం మెరిసేదాకా వైర్ బ్రష్ కొట్టారా, ముద్ర ఉన్న పొరను చెత్తబుట్టలో వేసినట్టే. నిమ్మరసం, వెనిగర్, యాసిడ్, అన్నిటిదీ అదే పని. బకెట్లో కరెంటు పెట్టి తుప్పు తీయడం ఇంటర్నెట్‌లో చూసి ఉంటారు. గేటు కమ్మీకి పనికొస్తుంది. ముద్ర చదవాల్సిన వస్తువుకు నా ఓటు పడదు.

మ్యూజియంవాళ్లు ముందు ఎక్స్‌రే తీస్తారు. లోహం మందంలో తేడా ఫిల్మ్ మీద పడుతుంది కాబట్టి గడ్డ కింద ఉన్న ముద్ర, ఒరలో ఇరుక్కుపోయిన బ్లేడు కూడా కనిపించవచ్చు. మనకు అంత సదుపాయం లేదు. భూతద్దం, సన్నటి కత్తి మొన, ఓపిక. పైగడ్డలను మాత్రమే, అదీ ముద్ర ఉండే మూడు చోట్ల, కొంచెం కొంచెంగా తీయండి. నల్ల పొర తగలగానే ఆగిపోండి. ఒరలో ఇరుక్కున్న బ్లేడును లాగొద్దు. లాగితే అడ్డపట్టీ చేతికొస్తుంది, బ్లేడు అక్కడే ఉంటుంది.

మట్టిలోని ఉప్పు, అంటే క్లోరైడ్, ఇనుము లోపలికి దిగి ఉంటుంది. కొన్ని నెలలకు ఉపరితలం మీద చిన్న చిన్న తేమ బొట్లు, పెచ్చులు లేవడం చూస్తే అదే కారణం. నూనె రాస్తే ఆగదు. దాన్ని క్షార ద్రావణాల్లో నెలల తరబడి నానబెట్టి తీయాలి, అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని. మనం చేయగలిగింది పొడిగా ఉంచడం. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు. తేమ 20 శాతం కంటే తక్కువ ఉండాలి. విశాఖ, కాకినాడ వాళ్లకు మరీ మరీ చెబుతున్నాను. షోకేసులో గాజు తలుపు వెనక పెడితే రెండు వర్షాకాలాల్లో పెచ్చులుగా రాలుతుంది.

నకిలీల సంగతి కూడా చెప్పాలి. పాత మామూలు బయోనెట్‌ను ఉప్పునీళ్లలో, యాసిడ్‌లో వేసి యుద్ధభూమి నుంచి వచ్చిందని అమ్ముతారు. దాని మీద హిట్లర్ నాజీ దళం ఎస్‌ఎస్ గుర్తులు కొడతారు, ధర పెరుగుతుందని. పట్టుకునే పద్ధతి ఒకటి ఉంది. అసలు ముద్ర ముందు పడింది, తుప్పు గుంట తర్వాత వచ్చింది. కాబట్టి గుంట వచ్చిన చోట అక్షరం తెగిపోవాలి. భూతద్దంలో చూసినప్పుడు అక్షరం గీత గుంటలోకి దిగి, గుంట అడుగున కూడా పదునుగా సాగితే, ఆ అక్షరం నిన్నో మొన్నో కొట్టింది. వెయ్యి రూపాయల భూతద్దంతో వేల రూపాయల మోసం తప్పుతుంది.

[సభలోంచి ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు. ఒకటి తెమ్మంటే తేవచ్చా సార్? అక్కడ మెటల్ డిటెక్టర్‌తో వెతుక్కోవచ్చంటున్నారు.]

వెతుక్కోమని మాత్రం చెప్పకండి. జర్మనీలో రాష్ట్రాన్ని బట్టి పురావస్తు శాఖ అనుమతి కావాలి. ఫ్రాన్స్‌లో అధికారుల అనుమతి లేకుండా చారిత్రక వస్తువుల కోసం డిటెక్టర్ వాడటమే నేరం. చట్టం ఒక ఎత్తు, పేలని షెల్స్ ఇంకో ఎత్తు. ఫ్రాన్స్‌లో మొదటి యుద్ధం జరిగిన సోమ్, వెర్డన్ ప్రాంతాల్లో రైతుల పొలాల్లో ఈ రోజుకీ బయటపడుతున్నాయి. గడ్డపార వేసిన చోట బయోనెట్ ఉందో ఇంకేముందో ఎవరికి తెలుసు? ఇంకో మాట, మట్టిలో ఎముకలు కూడా ఉంటాయి. ఆ మనుషులకు పేర్లున్నాయి, వాళ్లను వెతికే సంస్థలున్నాయి. కత్తి కోసం అది చెదరగొట్టడం నాకు సమ్మతం కాదు. దుకాణంలో, సంతలో, రశీదుతో కొనమనండి.

మన దేశంలోకి తేవడం గురించైతే, ఆయుధ నిబంధనల ఐదో కేటగిరీలో కరవాలాలు, బాకులతో పాటు బయోనెట్ పేరు ఉంది. ఏ ప్రాంతంలో లైసెన్సు అవసరమన్నది ప్రభుత్వ నోటిఫికేషన్‌ని బట్టి ఉంటుంది. కాబట్టి టికెట్ కొనేముందు కస్టమ్స్‌నీ, మీ పోలీస్ కమిషనరేట్‌నీ అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. తుప్పు పట్టింది కదా, కత్తి కాదు కదా అని ఎయిర్‌పోర్టులో వాదించి లాభం లేదు. చేతి సంచీలో అసలు పెట్టొద్దు. తేవడం కుదరదని తేలితే అక్కడే ఉంచి, ఇందాక చెప్పిన మూడు వెడల్పులూ, పొడుగూ, వెన్ను ఫొటో నాలుగు దిక్కుల వెలుగులో తీసి పంపమనండి. వాటితో కూర్చుని పోల్చడం మనం ఇక్కడి నుంచే చేయొచ్చు.